బలము వేఱు, పరిమాణము వేఱు



బాలికను ఆటలకు పంపవచ్చునా, పంపరాదా యను ప్రశ్న వచ్చినప్పుడు తాడిపత్రియందేమి, చుట్టుపట్ల పల్లెలయందేమి, రెండు మాటలు వినబడుచుండును. పిల్ల సన్నముగా నున్నచో "ఇంత బక్కపిల్ల యేమి ఆడగలదు?" అందురు. కొంచెము ఒడ్డుపొడుగు గలదైనచో "ఇక కండలు పెరిగి మగవానివలె నగును" అందురు. ఈ మాటలు ఒకదాని కొకటి విరుద్ధములైనను రెంటికిని మూల మొక్కటియే. బలమన్నను దేహపరిమాణమన్నను ఒకటే యను భ్రమ. ఈ నెల ఆ సంగతిని విచారింతము.

దేహబలమునకు మిక్కిలి పేరుపడిన ఆటలలో మంచుహాకీ యొకటి. గడ్డకట్టిన మంచునేలపై, ఉక్కు అంచులుగల బూట్లతో జారుచు, ఒకరినొకరు ఢీకొనుచు ఆడుదురు. కెనడా, అమెరికా దేశములలో దీనిని జీవనవృత్తిగా ఆడువారు పెక్కురు కలరు. 2024 జనవరిలో స్త్రీలకును అచ్చట కొత్త వృత్తిపోటీ యొకటి ఆరంభమైనది. ఆ ఆటలో జ్డెనో ఛారా యను నాతడు 6 అడుగుల 9 అంగుళముల పొడగరి. కాని ఆ ఆటచరిత్రలో అందఱికన్న మిన్నగా నెన్నబడు వేన్ గ్రెట్స్కీ భారీకాయుడు కాడు. జట్టులో జరుపు బలపరీక్షలలో ఆతడు వెనుకబడియుండెడివాడని ప్రసిద్ధి. రబ్బరుబిళ్ల యెక్కడికి రానున్నదో ముందుగా గ్రహించి అచ్చటికి చేరుటలో ఆతని నేర్పు ఉండెను.

ఆ ఆటలో మన మెఱుగదగిన మఱియొక విశేషము కలదు. ఆటగాడు ముప్పాతిక నిమిషమో, ఒక నిమిషమో శక్తి కొలది ఆడి వెంటనే బయటికి వచ్చి బల్లపై కూర్చుండును. వేఱొకడు లోనికి పోవును. ఉన్న శక్తినంతయు ఒడ్డి చేయు పని అంతకన్న నెక్కువసేపు సాగదు. కనుక కూర్చుండుటయు ఆటలో భాగమే. దీనిని జ్ఞాపకముంచుకొన వేడెదము.

అంతదూర మేల? శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరిని చూడుడు. 54 కిలోగ్రాముల తరగతిలో ఆమె 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేత యయ్యెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బరువులెత్తు పోటీలు 2000 సంవత్సరమున సిడ్నీ నగరములోనే మొదలైనవి. అచ్చట 69 కిలోగ్రాముల తరగతిలో ఆమె ఒక పద్ధతిలో 110, మఱియొక పద్ధతిలో 130, వెరసి 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకమును గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ఆమెకన్న ముందు నిలిచిన చైనా, హంగేరీ దేశముల వనిత లిద్దఱును సమానముగా 242.5 కిలోగ్రాము లెత్తిరి. అప్పటి నియమము ననుసరించి, ఇద్దఱిలో దేహభారము తక్కువగానున్న చైనా వనితకు స్వర్ణపతకము దక్కెను.

పరిమాణమునకు విలువయే లేదని మే మనుట లేదు. విలువ యున్నది గనుకనే ఆ పోటీలలో దేహభారమునుబట్టి తరగతు లేర్పఱచిరి. అయితే ఎముకల పొడవు పుట్టుకతో వచ్చునదే గాని, బలము సంపాదించుకొనదగినది. అభ్యాసము మొదలిడిన తొలివారములలో కండ లంతగా పెరుగవు. ఉన్న కండలనే ఒక్కుమ్మడిగా పనిచేయించుట నరములు నేర్చుకొనును. పిమ్మట నెమ్మదిగా కండ గట్టిపడును. ఇక "మగవానివలె నగును" అను భయమునకు ఆధారము లేదు. పురుషులలో కండను పెంచు రసము స్త్రీ దేహములో అందు పదవవంతైన నుండదు. వ్యాయామమువలన బాలిక మగవాడు కాదు. గట్టి బాలిక యగును. ఎముకల సత్తువ ముఖ్యముగా ఇరువదియేండ్ల లోపలనే కూడును. గెంతుట, పరుగెత్తుట, బరువెత్తుట అందుకు తోడ్పడును. ఆ వయస్సులో పోగొట్టుకొన్నది ముసలితనమున తిరిగిరాదు.

"మా పిల్ల రోజూ బిందెలు మోయుచున్నది, అది వ్యాయామము కాదా?" అని కొందఱు అడుగవచ్చును. వానలు మిక్కిలి తక్కువైన ఈ సీమలో నీళ్లు మోయుట ఆడువారికి క్రొత్త గాదు. పదునైదు లీటర్ల నీరు పట్టు బిందె బిందెబరువు గాక పదునైదు కిలోగ్రాములు తూగును. అది కష్టమే, సందేహము లేదు. కాని కష్టము వేఱు, శిక్షణము వేఱు. శిక్షణములో బరువును కొంచెము కొంచెముగా హెచ్చింతురు. నడుమ విశ్రాంతి నిత్తురు. తరువాత తిండి పెట్టుదురు. పనివలన అలసిన కండను మరల గట్టిపఱచునది నిద్రయు, ఆహారమును. ఈ రెండును లేని పని దేహమును కట్టదు, అరుగదీయును. మంచుహాకీ యాటగానికి నిమిషమున కొకసారి దొరకు విశ్రాంతి మన యిండ్లలో కోడండ్రకు దినమున కొకసారి యైన దొరకుచున్నదా?

ఆహారము సంగతి యింకను ముఖ్యము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. ప్రాణవాయువును కండలకు చేర్చునది రక్తమే. రక్తము పలుచనైన బాలిక నాలుగు అడుగులు పరుగెత్తి ఆయాసపడిన, "ఆమెకు ఆటలు తగవు" అందుము. ఆమెకు లేనిది ఆటయోగ్యత కాదు, ఇనుము. మగవారు తిన్నపిమ్మట మిగిలినది తినుట అను ఆచారమే యీ కొఱతకు చాలవఱకు కారణమని మా యభిప్రాయము.

దీనికి ధనికుల భోజన మక్కఱలేదు. ఈ సీమలో పండు వేరుశనగలలో నూటికి ఇరువదియైదు పాళ్లు మాంసకృత్తులు కలవు. రాగులలో సున్నపుధాతువు సమృద్ధి. రాగిసంగటి, కందిపప్పు, ఆకుకూర, వేరుశనగపొడి, ఆచారమున్నవారికి కోడిగ్రుడ్డు, ఇవి చాలును. ఆకుకూరపై నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో తేనీరు త్రాగినచో చెడును. వేసవిలో తెల్లవారుజామున గాని, ప్రొద్దు వాలిన పిదప గాని ఆడింపవలెను. ఎండకు దేహము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును, తొందర కూడదు. ఉప్పువేసిన మజ్జిగ దగ్గఱ నుంచవలెను.

తల్లులు గమనింపవలసిన గుర్తు ఒకటి కలదు. ఆటలాడు బాలికకు నెలల తరబడి ఋతువు నిలిచిపోయినచో అది ఆటలలో సహజమని ఊరకుండరాదు. పనికి తగిన తిండి లేదనుటకు అది తఱచు చిహ్నము. ఎముకలును దానితోపాటు చెడును. వెంటనే వైద్యురాలికి చూపవలెను.

మన ప్రాంతపు పిల్లలకు ఇవి అందనివి కావు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమునకు వచ్చి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అచ్చట క్రీడాగ్రామము నేర్పఱచి పల్లెబాలికలను సైతము మైదానమునకు రప్పించెను. చిత్తూరు జిల్లాకు చెందిన ఎతిమరపు రజని 2018 ఆసియా క్రీడలలో రజతపతకము గెలిచిన భారత స్త్రీల హాకీజట్టులో గోలురక్షకురాలుగా నుండెను. ఇట్టివారి పేరు విని సంతోషించుటతో మన పని తీరదు. మైదానము ప్రభుత్వము ఈయవలెను, శిక్షకుడు విద్య నీయవలెను. అన్నమును, నిద్రను ఇచ్చునది మాత్రము ఇల్లే. కావున నేటి రాత్రి వడ్డన చేయునప్పుడు, ఆడపిల్ల కంచములో పప్పును అన్నతో సమానముగా వేయుడు. అట్లే మీ కంచమును కూడ కడపటికి దాచుకొనక, వారితోపాటే పెట్టుకొనుడు. బలమునకు మొదటి పాఠము అదియే.