ఆమెకెట్లా ఇష్టం?

పండక్కి జనగామలో మా అన్న ఇంటికి పోయాను. పొద్దున్నే వదినె ఒక్కొక్కరినీ అడిగి గుడ్లు కొడుతోంది. బాపుకు ఉల్లిగడ్డ ఎక్కువేసి ఎర్రగా వేగిన పొరటు. అన్నకు తడితడిగా, మిరియాలు చల్లి. పిల్లగానికి కారం తగలని ఆమ్లెటు. నాకు పచ్చిమిర్చి, కొత్తిమీరతో. అందరివీ అయ్యాక మూకుడుకు అంటుకున్న ముక్కల్లో రాత్రన్నం కలుపుకొని నిలబడే తిన్నది.

“నీకెట్ల ఇష్టం వదినె?” అన్నాను.

“నాకేందే, ఏదైనా తింట.”

‘ఏదైనా’ అన్నది రుచి కాదు. ఏళ్ల తరబడి ఎవరూ అడగకపోతే మిగిలే జవాబు. స్త్రీవాదం పాఠాలు చెప్పే నేను కూడా ఆ రోజే అడిగాను. అదీ నా వాటా తిన్నాక.

భూమి, కూలి, హింస ఉండగా కోడిగుడ్డు మీద వ్యాసమా అని మన మిత్రులే అడుగుతారు. నిజాం కాలంలో ఊరికొచ్చిన అధికారులకు కోళ్లూ గుడ్లూ ఉత్త పుణ్యానికి ఇవ్వాల్సి వచ్చేది. దాన్ని వెట్టి అన్నాం, ఎదిరించాం. ఐలమ్మ దొరకెదురు నిలిచిన పాలకుర్తి ఈ జనగామ జిల్లాలోదే. మరి అందరి ఇష్టాలూ గుర్తుపెట్టుకొని తన ఇష్టం మర్చిపోయే చాకిరీని ఏమన్నాం? ప్రేమ అన్నాం. 1951లో సాయుధ పోరాటం విరమించాక ఆడవాళ్లను ఇళ్లకు పొమ్మన్న సంగతి ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివిన మనకు కొత్త కాదు. ఇల్లంటే పొయ్యేనని వేరే చెప్పాలా?

భూపాలపల్లిలో సింగరేణి మొదటి షిఫ్టుకు పోయే భర్తకు చీకటితోనే టిఫిన్ కట్టే ఆమె, మహబూబాబాద్ వైపు సద్ది కట్టుకొని మిరపకాయ ఏరబోయే ఆమె, మా వదినె ఒకటి కాదు. గుడ్డు కొనగలిగే ఇల్లు వేరు, కొనలేని ఇల్లు వేరు. కానీ ఉన్న ఒక్క గుడ్డు ఎవరి పళ్లెంలోకి పోతుందో చెప్పడానికి ఏ ఇంట్లోనూ జ్యోతిష్యం అక్కర్లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. దానికి గుడ్డొక్కటే మందు కాదు. కానీ చివర తినడం, మిగిలింది తినడం అనే అలవాటుకు ఇందులో వాటా లేదని ఎవరనగలరు? 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలోనే భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు పెట్టాలన్నది. అక్కడే ఎందుకు? ఇంటికి పంపితే ఆమె నోటిదాకా రావు గనుక. మంచి పథకమే. కానీ బిడ్డకు ఆరు నెలలు నిండగానే ఆ గుడ్డు ఆగిపోతుంది. అది తల్లికి పెట్టిన గుడ్డు. మనిషికి పెట్టింది కాదు.

మగవాళ్లు వంట నేర్చుకోవాలని ఎన్నాళ్లుగానో రాస్తున్నాం. కొందరు నేర్చుకున్నారు. ఆదివారం ఒక ఆమ్లెటు వేసి ఇంటిల్లిపాదితో శభాష్ అనిపించుకుంటారు. నాకు ఆ శభాష్ మీద ఆసక్తి లేదు. రోజూ పొయ్యి దగ్గర నిలబడాలి, ఆమెను అడగాలి, ఆమె కూర్చొని వేడివేడిగా తినాలి.

మొన్న పోయినప్పుడు వదినెను కూర్చోబెట్టి, మూకుడు నేను పట్టుకొని, మళ్లీ అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

“ఉడకబెట్టింది మాత్రం వద్దు,” అన్నది.

అక్కడినుంచి మొదలుపెడదాం.