ఆ పిల్ల చేతికి ఏం పని నేర్పుదాం?

ఏమ్మా, ఈ వారం ఊరగాయల సంగతి కాస్త పక్కనపెట్టి, హోముల్లో పెరిగే ఆడపిల్లల గురించి మాట్లాడుకుందామా?

బెజవాడ పెద్ద రైలు జంక్షన్. ఇల్లు వదిలి వచ్చేసిన పిల్లలు ఎందరో ఇక్కడే దిగిపోతారు. 1989లో నవజీవన్ బాలభవన్ ఇలాంటి పిల్లల కోసమే మొదలైంది. ఆడవాళ్ళ కోసమైతే 1969 నుంచీ వాసవ్య మహిళా మండలి ఉంది.

హోముకి చేరిన 14 ఏళ్ళ పిల్ల కంచం విసిరికొడుతుంది, అబద్ధాలాడుతుంది, గోడ దూకుతుంది. మనం 'పొగరు' అనేస్తాం. డాక్టర్లు ప్రవర్తనా రుగ్మత అంటారు. వెనకనుంచి భుజమ్మీద చెయ్యి వేస్తే తిరగబడే పిల్లకి చాలాసార్లు కోపం కన్నా భయమే ఎక్కువమ్మా.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 18 నిండితే హోము వయసు అయిపోయినట్టే. 21 దాకా ఆసరా ఇవ్వవచ్చని నిబంధనల్లో ఉంది. సరే, చేతిలో పని లేని పిల్ల దాంతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తుంది?

అందుకని అందరూ కుట్టుమిషన్ తెచ్చిపెడతారు. మంచిదే, కానీ అందరి చేతులూ మిషన్‌కే పుట్టలేదు కదా! మన పెడన కలంకారీ చూడండి. బట్టని కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. బెల్లంనీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో అచ్చు వెయ్యాలి. ఎరుపు రావలసినచోట పటిక అద్ది, రంగులో ఉడకబెట్టాలి. ఆనక పారే నీళ్ళలో జాడించాలి. ప్రతిదానికీ ఆగాల్సిందే. తొందరపడితే అచ్చు చెదురుతుంది, అది ఆ పిల్ల కంటికే కనబడుతుంది. మనం తిట్టక్కర్లేదు.

నేర్పేటప్పుడు పనిని చిన్న ముక్కలు చెయ్యండి. 'మంచి పిల్లవి' అంటే నమ్మదు, 'ఈ అంచు తిన్నగా వచ్చిందే' అంటే నమ్ముతుంది. కత్తెరలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి, అందరి దగ్గరా. ఒక్క పిల్ల దగ్గరే అయితే అవమానం. కోపం వస్తే లేచి బయటికెళ్ళి, చల్లబడ్డాక తిరిగొచ్చి కూర్చోవడం కూడా నేర్పాల్సిన విద్యే. నన్నడిగితే మిషన్ కన్నా ముందు అదే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతా. అల్లరి చేసిందని శిక్షగా పని నేర్పడం మాన్పించకండి. తినే కూడు లాక్కున్నట్టే అది.

మీలో కుట్లు, అల్లికలు, బేకరీ పని, కంప్యూటర్ వచ్చినవాళ్ళు వారానికో మధ్యాహ్నం ఇవ్వాలనుకుంటే, తిన్నగా హోము గేటు దగ్గరికి వెళ్ళకుండా మీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. నెల్లాళ్ళు వెళ్ళి మానేసేట్టయితే అసలు వెళ్ళొద్దు. వదిలేసి పోయినవాళ్ళని ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. పిల్లల పేర్లు, ఫొటోలు బయటపెట్టడం నేరం, ఫోన్లు సంచిలోనే ఉంచండి. పుట్టినరోజుకి కేకు తీసుకెళ్తారా, తీసుకెళ్ళండి. దాంతోపాటు బ్యాంకు పాస్‌బుక్కు చదవడం, మీటరు గుడ్డ ధర కట్టడం, బేరంలో మోసపోకుండా లెక్క చూసుకోవడం కూడా చూపించి రండి.