కప్పుల లెక్క చాలునా?

కళాశాలల వార్షిక నివేదికలలో క్రీడావిభాగం పేరిట సాధారణంగా రెండు విషయాలే కనిపిస్తాయి: ఎన్ని పోటీలు గెలిచారు, ఎన్ని కప్పులు తెచ్చారు. కప్పు వచ్చిన ఏడు కరతాళధ్వనులు, రాని ఏడు మౌనం. ఒక జట్టు సంవత్సరకాలపు కృషికి ఇది సరైన కొలబద్ద కాదని మా అభిప్రాయం. ఇందుకు నిదర్శనంగా అమెరికా దేశపు ఒక కళాశాల చరిత్రను విద్యార్థుల ముందు, పాలకవర్గం ముందు ఉంచదలచాము.

టెక్సస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దున గల ఎల్ పాసో నగరంలో టెక్సస్ వెస్టర్న్ కళాశాల ఉండేది. నల్లజాతి విద్యార్థులకు 1955లోనే ప్రవేశం కల్పించిన సంస్థ అది. 1965-66 క్రీడాసంవత్సరంలో దాని పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 29 ఆటలు ఆడి 28 గెలిచింది. 1966 మార్చి 19న మేరీలాండ్‌లో జరిగిన జాతీయ అంతిమ పోటీలో ఎదురైనది కెంటకీ విశ్వవిద్యాలయం. అప్పటికే నాలుగు పర్యాయాలు జాతీయ విజేత అయిన ఆ జట్టులో అందరూ శ్వేతజాతీయులే. టెక్సస్ వెస్టర్న్ శిక్షకుడు డాన్ హాస్కిన్స్ ఆనాడు ఆడించిన ఏడుగురూ నల్లజాతి యువకులే.

నల్లజాతి ఆటగాళ్లకు వేగమే గాని నిగ్రహం లేదని, ఐదుగురినీ ఒక్కసారే బరిలోకి దింపితే జట్టు క్రమం తప్పుతుందని ఆ కాలంలో పలువురు నమ్మేవారు. దానికి ఆటే సమాధానం చెప్పింది. రెండేసి పాయింట్ల బుట్టలు కెంటకీ 27 వేయగా వీరు వేసినవి 22 మాత్రమే. అయినను ప్రత్యర్థుల తప్పిదాల వలన లభించిన 34 ఫ్రీ త్రోలలో 28 సఫలం చేసి, 72-65తో విజయం సాధించారు. ఫ్రీ త్రో అనగా గీత వద్ద ఒంటరిగా నిలిచి, మనసు కుదుట పరచుకొని వేయవలసిన బంతి. దుడుకుతనానికి లొంగే విద్య కాదది.

రంగును బట్టి మనిషిని కొలువరాదన్న మాట మన విద్యార్థులకు క్రొత్తది కాదు. అబిసీనియా సంతతికి చెంది, బానిసత్వం నుండి విముక్తి పొందిన హజ్రత్ బిలాల్ గారికే తొలి అజాన్ పలికే గౌరవం దక్కిందని బాల్యం నుండి వింటూనే ఉన్నాము. కాని వినుట వేరు, ఆచరించుట వేరు.

ఎల్ పాసో చరిత్రలోని తరువాతి అధ్యాయం ఈ భేదాన్నే చూపుతుంది. 1967లో ఆ కళాశాల పేరు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ ఎల్ పాసోగా మారింది. మరుసటి ఏడు, అక్కడి నల్లజాతి పరుగు, లంఘన క్రీడాకారులు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంతో పోటీపడబోమని నిరసన తెలిపారు. ఆ విశ్వవిద్యాలయం మార్మన్ చర్చికి చెందినది. ఆ చర్చి 1978 వరకు నల్లజాతివారికి పౌరోహిత్యం నిరాకరించింది. నిరసన తెలిపినవారిని జట్టు నుండి తొలగించారు. వారిలో ఒకరైన బాబ్ బీమన్ ఆ అక్టోబరులోనే మెక్సికో ఒలింపిక్స్‌లో 8.90 మీటర్లు లంఘించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. నల్లజాతి యువకులు తెచ్చిన కప్పును సగర్వంగా అందుకొన్న సంస్థే, రెండేళ్లు దాటగానే, అట్టి యువకుల మాట ఆలకించవలసివచ్చినప్పుడు ముఖం త్రిప్పుకొన్నది.

కనుక మేము కోరేది ఇది. జట్టు ఎంపికకు ప్రతిభ ఒక్కటే గీటురాయి కావాలి. సిఫార్సు గాని, ఉర్దూ మాధ్యమమా తెలుగు మాధ్యమమా అన్న ప్రశ్న గాని అడ్డు రాకూడదు. పోటీలకు వెళ్లి పాఠాలు కోల్పోయినవారికి ప్రత్యేక తరగతులు నడపాలి. గాయపడి ఆటకు దూరమైన విద్యార్థిని, ఓడి వచ్చిన జట్టును కూడ వార్షికోత్సవ వేదికపైకి పిలిచి గౌరవించాలి. అన్నింటికంటె ముఖ్యంగా, ఆటగాడు తన కష్టం చెప్పుకొన వచ్చినప్పుడు పెద్దలు ఓపికతో వినాలి.

రాబోవు నివేదికలో కప్పుల సంఖ్యతోపాటు, జట్టులో ఆడినవారిలో ఎందరు పట్టభద్రులైనారో కూడ ముద్రించగలరని ఆశిస్తున్నాము.