ఊపిరిని లెక్కచేయని ముహూర్తం

మోటార్ న్యూరాన్ జబ్బు మనిషి దగ్గర్నుంచి ఒక్కొక్కటే లాక్కుంటుంది. చేతి పట్టు, నడక, మింగడం, మాట. మెదడులో, వెన్నుపాములో ఉండి కండరాలను ఆడించే నాడీకణాలు చచ్చిపోతాయి. కంటిగుడ్లను తిప్పే కండరాల జోలికి మాత్రం అది చాలామందిలో చివరిదాకా రాదు. అందుకే మాట పోయినవాళ్లు అక్షరాల పలక మీద చూపు నిలిపో, కంటి కదలికను పసిగట్టే కంప్యూటరుతోనో మాట్లాడుతున్నారు. అలాంటి మనిషికి శుక్లం ముదిరితే నోరు రెండోసారి పడిపోయినట్టే.

అప్పుడు మన ఇళ్లలో తెరుచుకునేది పంచాంగం. ఆషాఢం వెళ్లనీ, మూఢం దాటనీ, అమావాస్య దగ్గర పెట్టుకోవద్దు, ఏలినాటి శని నడుస్తోంది. ఇవన్నీ అయ్యాక, కంటి ఆపరేషన్ చలికాలంలోనే చేయించాలని ఒక పెద్దాయన, పొర బాగా ముదరాలని ఇంకొకాయన. ఈ చివరి రెండింటికీ ఒకప్పుడు కారణం ఉండేది. శుభ్రమైన థియేటర్లు లేని రోజుల్లో ఎండకూ చెమటకూ భయపడ్డారు. కంటిలోని కటకాన్ని మొత్తంగా బయటికి తీసే పాత పద్ధతిలో ముదిరేదాకా ఆగేవాళ్లు. 1967లో కంటి వైద్యుడు చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. కారణం పోయింది, మాట మిగిలింది. ఇప్పుడు మరీ ముదిరిన శుక్లంతోనే సర్జనుకు తిప్పలు.

ఈ రోగి విషయంలో చూడాల్సింది ఊపిరి. ఆపరేషన్‌కు కంట్లో చుక్కలో, కంటి పక్కన ఇంజెక్షనో సాధారణంగా సరిపోతుంది. కానీ ముఖం మీద గుడ్డ కప్పుకొని, కదలకుండా, పావుగంటో ఇరవై నిమిషాలో వెల్లకిలా పడుకోవాలి. ఊపిరాడించే కండరమైన డయాఫ్రం బలహీనపడ్డవాడికి వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. లాలాజలం గొంతులోకి జారి దగ్గొస్తుంది. కొందరికి ఆపుకోలేని నవ్వో ఏడుపో తన్నుకొస్తుంది, అదీ జబ్బులో భాగమే. పూర్తి మత్తు ఇస్తే తర్వాత శ్వాసయంత్రం తీయడం కష్టం కావచ్చు. సక్సినైల్‌కోలిన్ అనే, కండరాలను సడలించే మందు ఈ రోగుల రక్తంలో పొటాషియంను ఒక్కసారిగా పెంచి గుండె మీదికి తేగలదు. దారులు లేకపోలేదు. తలవైపు ఎత్తు పెట్టడం, ఊపిరికి తోడ్పడే బైపాప్ మాస్కుతోనే చేయడం, దగ్గు వచ్చేముందు ఇవ్వాల్సిన సైగ ముందే అనుకోవడం. జబ్బు ముదిరేకొద్దీ ఇవీ ఇరుకైపోతాయి. మంచిరోజు కోసం మూడు నెలలు ఆగినవాడు ఆ మంచిరోజున పడుకోలేకపోవచ్చు. జాతకచక్రంలో తొమ్మిది గ్రహాలకు చోటుంది, ఊపిరితిత్తులకు లేదు.

ఇక ఈ జబ్బు పూర్వజన్మ పాపమనే మాట. ఈ జబ్బు ఎందుకొస్తుందో చాలామంది విషయంలో వైద్యానికి ఇంకా తెలియదు, ఒప్పుకుందాం. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి కుటుంబంలో దాని ఆనవాలే ఉండదు. ఆ ఖాళీలో పాపాన్ని కూర్చోబెడితే, తిరిగి జవాబు చెప్పలేని మనిషి మీద నేరం మోపినట్టవుతుంది. బాణామతి అన్నచోట ఆ నేరం పక్కింటివాళ్ల మీద పడుతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది, పోయే మనిషికి ఇప్పుడు కళ్లెందుకనే మాట. లోకజ్ఞానంలా వినిపిస్తుంది గానీ కర్మ సిద్ధాంతమే ఇది. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21వ ఏట, ఈ జబ్బని తేల్చారు. 2018 దాకా ఉన్నాడు. అందరికీ అంత ఆయుష్షు ఉండదు, చాలామందికి కొన్నేళ్లే. ఆ కొన్నేళ్లూ నొప్పి ఎక్కడుందో చెప్పుకోవద్దా?

ఆపరేషన్ లేకుండా శుక్లం కరిగిస్తామనే చుక్కలవాళ్లు, పక్షవాతం పోగొట్టే కవచాలవాళ్లు తినేదీ ఈ సమయాన్నే. శుక్లం, పక్షవాతం నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. తాయెత్తులూ మంత్రాలూ దాని పరిధిలోవే. అలాంటి ప్రకటన కనబడితే ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి. ఆపరేషన్ తేదీని మాత్రం కంటి డాక్టరు, మత్తు డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు కలిసి నిర్ణయించనివ్వండి.