గుయ్‌మనే డబ్బా, గుట్టు విప్పే లేబుల్

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా డెస్క్‌టాప్ కంప్యూటర్ కట్టించుకునేవారి బేరం దాదాపు ఒకేలా సాగుతుంది. ప్రాసెసర్ మీద గంట చర్చ, గ్రాఫిక్స్ కార్డు మీద మరో గంట. లెక్క బడ్జెట్ దాటిందని తేలాక కోత పడేది మాత్రం ఎస్ఎంపీఎస్ మీద. క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చినదానితోనే సరిపెట్టుకుంటారు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి, వేల రూపాయల సామాను మొత్తానికి ఊపిరి పోసేది ఆ ఇనుప డబ్బాయే. అది గుయ్‌మన్న రోజున తప్ప యజమానికి గుర్తు రాదు.

అయితే గుయ్‌మన్నది అదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. రేకు క్యాబినెట్‌లో ఏ మూల అదిరినా పెట్టె అంతా మోగుతుంది. పక్క రేకును అరచేత్తో నొక్కితే శబ్దం ఆగిందంటే కావలసింది స్క్రూడ్రైవరే. క్యాబినెట్ ఫ్యాన్ మధ్య భాగాన్ని పెన్సిల్ వెనకున్న రబ్బరుతో ఒక్క క్షణం ఆపి చూస్తే దాని నేరమేదో తెలిసిపోతుంది. ఉదయం ఆన్ చేయగానే గరగరమని, పావుగంటకు సద్దుమణిగే శబ్దం సాధారణంగా ఎండిపోయిన బేరింగ్‌ది. స్పీకర్లలో రొద వస్తుంటే వాటి తీగను కంప్యూటర్ నుంచి ఊడదీసి వినాలి. చివరికి అనుమానం ఎస్ఎంపీఎస్ మీదికే వస్తే, వార్తాపత్రికను గొట్టంలా చుట్టి వైద్యుడి స్టెతస్కోప్‌లా చెవికి ఆనించుకుంటే చాలు. దాని ఫ్యాన్‌లోకి మాత్రం పెన్సిల్ కాదు, పుల్ల కూడా దూర్చకూడదు.

ఫ్యాన్లు కాదని తేలితే మిగిలేది కరెంటు శబ్దం. అందులోనూ రెండు రకాలు. సన్నగా ఈల వేస్తున్నట్టుండి, గేమ్ మెనూ తెరవగానే పెరిగి, తెర మారగానే గొంతు మార్చేది తీగచుట్టల కంపనం. ఇది ఎస్ఎంపీఎస్ నుంచి ఎంత రావచ్చో గ్రాఫిక్స్ కార్డు నుంచీ అంతే రావచ్చు. చికాకే గాని ప్రమాదం కాదు. గేమ్ సెకనుకు వందల ఫ్రేములు గీయకుండా పరిమితి పెడితే చాలాసార్లు తగ్గుతుంది. రెండోది బొంగురు గుయ్. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో తీగచుట్ట రెండుసార్లు అదురుతుంది కాబట్టి చెవికి వినిపించేది 100 హెర్ట్జ్.

ఇక్కడే మన ఇళ్లకు ప్రత్యేకమైన నిందితుడొకడున్నాడు: యూపీఎస్. చౌక యూపీఎస్‌లు, పాత తరహా ఇన్వర్టర్లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇచ్చేది నున్నని తరంగం కాదు, మెట్లు మెట్లుగా విరిగిన తరంగం. కరెంటు పోగానే గుయ్ మొదలై, వచ్చాక ఆగిపోతే కొత్త ఎస్ఎంపీఎస్ కొనడం దండగ. ప్లగ్గును నేరుగా గోడకు పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. షాపు మెకానిక్ బెంచీ మీద రాని శబ్దం ఇంటికి తేగానే రావడంలోని మర్మం చాలావరకు ఇదే.

క్యాబినెట్‌ను తాకితే చురుక్కుమనడం మరో సంగతి. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు కరెంటు తీగలను పెట్టె ఒంటితో కలుపుతాయి. ఎర్తింగ్ లేకపోతే ఆ ఒంటి మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజి తేలుతుంది. మూడు రంధ్రాల సాకెట్ ఉండి, మూడో రంధ్రం వెనక ఏమీ లేని అద్దె ఇళ్లు తక్కువేం కాదు. దీనికి మందు ఎలక్ట్రీషియన్ దగ్గరే ఉంది. చిటపటలు, కాలిన వాసన, పని పెరగగానే దానంతటదే రీస్టార్ట్ కావడం కనిపిస్తే మాత్రం ప్లగ్గు పీకి ఎస్ఎంపీఎస్ మార్చడమే. తెరిచి చూడటం సాహసం కాదు, తెలివితక్కువతనం: ప్లగ్గు తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ఇక కొత్తది ఎంచుకోవడం. డబ్బా మీది పెద్దక్షరాల కంటే పక్కనున్న చిన్న పట్టిక ముఖ్యం. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. ‘450 వాట్లు’ అని ఘనంగా రాసి, 12 వోల్టుల కింద 14 ఆంపియర్లని ఉంటే అక్కడ నిజంగా దొరికేది 168 వాట్లు. గుణకారం వచ్చినవారిని మోసం చేయడం కష్టం.

2004లో మొదలైన ‘80 ప్లస్’ ముద్ర చెప్పేది సామర్థ్యం గురించి. 300 వాట్లు ఇవ్వడానికి 80 శాతం సామర్థ్యమున్న సప్లై 75 వాట్లను వేడిగా వదిలితే, 90 శాతమున్నది 33 వాట్లే వదులుతుంది. వేడి తగ్గితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. ముద్రకున్న మేలు అంతవరకే. గిగాబైట్ పీ750జీఎం, పీ850జీఎం మోడళ్లకు 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉంది. అవి పరీక్షల్లో పేలిపోతున్నాయని అమెరికాలోని గేమర్స్ నెక్సస్ బయటపెట్టింది. దాంతో 2021 ఆగస్టులో కంపెనీ ఓవర్‌లోడ్ రక్షణ పరిమితిని 120–150 శాతం నుంచి 110–120 శాతానికి దించి, పాతవాటిని మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి బ్రాండు, బంగారం చూసి ఆగకుండా ఆ మోడల్‌కే జరిగిన పరీక్షలు చదవాలి. శబ్దమే బాధ అయితే సైబెనెటిక్స్ సంస్థ ఇచ్చే ‘లాంబ్డా’ శ్రేణి పనికొస్తుంది. అది కొలిచేది శబ్దాన్నే.

ఎన్ని వాట్లు? గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్ టైపింగ్, ఇంటర్నెట్ పనికి 100 వాట్లు కూడా తాగదు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు ఎన్‌విడియా సిఫార్సు చేసేది 550 వాట్ల సప్లై. మిగతా భాగాలకూ, క్షణకాలం ఎగిసే లోడుకూ అందులోనే చోటుంది. దానికి 850 వాట్లు అంటగట్టే దుకాణదారు తన లాభం చూసుకుంటున్నాడనే అనుకోవాలి. కొనేముందు ఇంట్లోని యూపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి: 600 వీఏ అంటే సుమారు 360 వాట్లే, గేమ్ మధ్యలో కరెంటు పోతే అది చేతులెత్తేయవచ్చు. మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని విరిగిన తరంగాన్ని సహించక బ్యాటరీ మీద ఆగిపోతాయి కూడా.

బిగించేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త. తీగలు ఊడదీసే వీలున్న మోడల్ అయితే పాత ఎస్ఎంపీఎస్ తీగలను కొత్తదానికి తగిలించకూడదు. ప్లగ్గు చక్కగానే పడుతుంది. కానీ డబ్బా వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం. 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వచ్చి, పదేళ్ల పెళ్లి ఫొటోలున్న హార్డ్ డిస్క్ ఒక్క క్షణంలో మాడిపోతుంది.