మాడువాసన



పాలు పొంగి మాడినవో, పప్పు అడుగంటినదో, దీపముచెంత చీరచెరగు కమరినదో పడకటింట నుండియే మనము చెప్పగలము. ఇందుకు నిత్యాభ్యాసమే మనకు గురువు. అయినను అదే ముక్కు, మోటారుబండిలో ఏదియో మాడుచున్నదని తెలిపినపుడు, "ఇది మన కెరుకగాని సంగతి" యని ఊరకుందుము. ఆ యూరకుండుటను గూర్చియే ఈ మాసము వ్రాయదలచితిమి. ఏలయన, ఆ తప్పు మేమును చేసితిమి.

2025వ సంవత్సరము మే నెల 15వ తేదీ మొదలు 26వ తేదీ వరకు కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినవి. గోదావరీ ప్రాణహితలు కలియుచోట సరస్వతి అంతర్వాహినియై యున్నదని పెద్దల నమ్మకము. ఒకే పానవట్టముపై కాళేశ్వర ముక్తేశ్వర లింగములు రెండును గల ఆ యాలయమును దర్శింప అత్తగారు కోరిరి. అందుచే మా వారు, మేము, అత్తగారు, పిల్లలిద్దరు కలిసి మా పాత కారులో పోయితిమి. స్నానము, దర్శనము చక్కగా నయినవి.

తిరుగుదారిలో మహాదేవపూరు దాటి అడవిదారి పట్టగానే, వెండ్రుకలు కాలినట్లు, కంబళి కమరినట్లు ఒక వాసన సోకినది. "ఏమండీ, ఏదియో మాడుచున్నది" అంటిమి. "ముందు పోవు లారీది కాబోలు" అనిరి మా వారు. కొంతసేపటికి లారీ వేరుదారి పట్టి పోయినది; వాసన మాత్రము పోలేదు. బండి నడుపువారు వారు, మనకేమి తెలియునను సంకోచముచే మేము మరల నోరు మెదపలేదు. కాటారము చేరునప్పటికి అత్తగారికి కడుపులో త్రిప్పినది. అందువలన మాత్రమే బండి ఆగినది.

దిగి చుట్టును తిరిగి చూచితిమి. ముందరి కుడిచక్రము చెంతకు చేయి తేలేకపోయితిమి. తక్కిన మూడింటికడ అంత సెగ లేదు. మెకానిక్కు వచ్చి చక్రమూడదీసి చూపెను. బ్రేకుపలకలను నొక్కు భాగము బిగుసుకొని, కాలు తీసిన పిదపను చక్రమును వదలక పట్టుకొనియే యున్నది. "అమ్మా, ఇట్లే పోయినచో బ్రేకు తొక్కినను కాలు లోనికి దిగునే గాని బండి నిలువకపోవచ్చును" అని అతడు చెప్పెను. వెనుక సీటున పిల్లలు నిద్రించుచుండిరి. ఆ మాట వినినపుడు మాకు కలిగిన వణకు నేటికిని తీరలేదు.

కారణము సులభముగనే తెలియును. బ్రేకుగొట్టములలోని నూనె మన పాదబలమును చక్రమునకు చేర్చును. సామాన్యమైన డాట్ 3 రకపు క్రొత్త నూనె 205 డిగ్రీలకు లోపల మరుగరాదని ప్రమాణము. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. నూనె మరిగిన ఆవిరిబుడగలు లేచును. బుడగ నొక్కిన అణగును గాని బలమును చేర్పదు. ఆ నూనెను గడువు తప్పక మార్పింపవలెననుట ఇందులకే.

ఒక్కొక్క మాడుదలకు ఒక్కొక్క వాసన కలదు. జనసమ్మర్దమున క్లచ్చిపై కాలుంచి మెల్లగా నడుపునపుడు కాగితము కాలినట్టి ఘాటువాసన వచ్చును. ఎప్పుడో ఒకసారియైన బండికి విశ్రాంతి నిచ్చిన పోవును. ఇంజను బిగ్గరగా మ్రోగినను వేగము పెరుగకున్నచో క్లచ్చిపలక అరిగినదని తలపవలెను. హ్యాండుబ్రేకు దింప మరచినను కంబళివాసనయే వచ్చును గనుక ముందుగా దానిని చూడుడు. నూనెమూకుడు పొగచూరినట్లున్న, ఇంజను నూనె కారి కాగిన గొట్టముపై పడుచున్నది. పాకము కమరినట్లు తియ్యగా నున్న, ఇంజనును చల్లబరచు కూలెంటు కారుచున్నది; అది విషము, పిల్లలను తాకనీయరాదు. రబ్బరు కమరిన, బానెట్టు క్రింది బెల్టు జారుచుండవచ్చును, లేదా టైరు దేనికో ఒరయుచుండవచ్చును. ఆకులు కాలినట్లున్న, సైలెన్సరుగొట్టమునకు చిక్కిన చెత్తను వెదకవలెను. వేసవిలో ఎండుటాకులపై వేడిబండిని నిలుపుటయే తగదు.

వైర్ల తొడుగు కాలిన ప్లాస్టిక్కు వాసన అన్నిటిలో భయంకరము. వెంటనే బండి నాపి, ఇంజను కట్టి, పిల్లలతో సహా అందరును దిగి దూరముగా నిలువవలెను. పొగ కనబడిన బానెట్టు తెరువరాదు. గాలి తగిలి నిప్పు రేగును. పచ్చి పెట్రోలు వాసన మాడువాసన కాకున్నను, అది సోకినపుడు బండి కదలింపనే కూడదు. కాగిన చక్రముపై నీరు చల్లరాదు. రేడియేటరు మూత వేడిమీద త్రిప్పరాదు.

పొగను చూచి నిప్పు నూహించుట తార్కికుల పద్ధతి. మన ముక్కును అట్టిదే. వాసన ఎప్పుడు పుట్టినది, బ్రేకు తొక్కినపుడా, ఎత్తు నెక్కునపుడా, ఏసీ వేసినపుడా, ఆగిన పిమ్మటనా. ఏ చక్రముకడ మిక్కుటముగా నున్నది. ఈ రెంటిని గమనించి చెప్పిన మెకానిక్కు పని సగము తీరును.

ఇంటికి వచ్చిన పిదప మా వారు, "ఇకమీదట నీవు ఒకమారు చెప్పిన చాలును, బండి నాపెదను" అనిరి. "ఒకమారు చెప్పి ఊరకుండుట మా తప్పు, ఇకమీదట మూడుమారులు చెప్పెదము" అంటిమి. సోదరీమణులారా, మీరును అట్లే చెప్పుడు. నిప్పు లేకపోయిన నష్టమేమి? ఒక్క గడియ ఆలస్యమే కదా!