కిటికీ అవతల ఆట



పోయిన వారం స్కాలర్‌షిప్పుల గురించి మొదలుపెట్టిన మాట ఈ వారం పూర్తి చేస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. స్కాలర్‌షిప్పుల బాకీ ఎక్కడికీ పోదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటోంది. ఈలోపు హాస్టల్లో చూసిన ఒక సంగతి చెప్పాలి.

మా కాలేజీ పిల్లలు ఉండే సంక్షేమ హాస్టల్‌కి ఒక పుస్తకం ఇచ్చిరావడానికి సాయంత్రం పూట వెళ్లాను. ఐపీఎల్ మ్యాచ్ నడుస్తోంది. హాల్లో టీవీ ఉంది, కేబులూ ఉంది, కానీ ఆ ప్యాకేజీలో స్పోర్ట్స్ చానల్ లేదు. మేడ మీద గదిలో మంచం మీద బకెట్టు బోర్లించి, దానికి ఒక ఫోను ఆనించి, పది మంది ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. మూడు నెలలకి నూట నలభై తొమ్మిది రూపాయల ప్లాను. తలా పదిహేను వేసుకున్నారట. "రూపాయి మిగిలింది సార్, మీ వాటా ఇచ్చేయమంటారా?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

కిందికి దిగుతుంటే వరండా చివర పదకొండోవాడు కనబడ్డాడు. పుస్తకం తెరిచి ఉంది, చూపు పుస్తకంలో లేదు. పైన అరుపు వినబడ్డప్పుడల్లా తల ఎత్తుతున్నాడు. కాలేజీ జట్టులో కొత్త బంతి వాడి చేతికే ఇస్తారు. "ఏరా, నువ్వు చూడవా?" అన్నాను.

"నాకు క్రికెట్ పెద్దగా ఇష్టం లేదు సార్."

ఈ మాట నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్ల వయసులో నేను మా అమ్మతో చెప్పిన అబద్ధం ఇదే.

1996 మార్చి 13. వరల్డ్ కప్ సెమీఫైనల్, ఈడెన్ గార్డెన్స్‌లో ఇండియా, శ్రీలంక. మా మాదిగపల్లెలో అప్పటికి ఒక్క టీవీ లేదు. ఊళ్లో, మా నాయన పొగాకు బ్యారన్‌లో పని చేసే ఆసామి ఇంట్లో ఉంది. వాళ్ల పిల్లలు లోపల చాప మీద కూర్చుంటే మేం ఐదారుగురం వీధి వైపు కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్లం. అరుగు ఎక్కకూడదు. ఎవరూ చెప్పలేదు, మాకు తెలుసు. సచిన్ అవుటయ్యాక వరసగా వికెట్లు పడ్డాయి. లోపల ఎవరికో చిరాకు పుట్టి లేచి వచ్చి కిటికీ రెక్క వేసేశారు. మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. కిటికీ వేసుకున్నారు, అంతే. వాళ్ల ఇల్లు, వాళ్ల కిటికీ.

ఆ తర్వాత జనం సీసాలు విసిరారనీ, మ్యాచ్ ఆగిపోయిందనీ, వినోద్ కాంబ్లీ ఏడుస్తూ మైదానం దాటాడనీ మర్నాడు టీ బంకు దగ్గర పేపర్లో చూశాను. దేశమంతా చూసిన ఆ ఏడుపు నేను చూడలేదు. ఇంటికి పోతే "అప్పుడే వచ్చావేరా?" అంది అమ్మ. "నాకు క్రికెట్ ఇష్టం లేదులే" అన్నాను.

ఐదేళ్లకి మా నాయన సెకండ్ హ్యాండు బ్లాక్ అండ్ వైట్ టీవీ తెచ్చాడు. వెదురు గడకి యాంటెన్నా కట్టాం. 2001 మార్చి 14న కోల్‌కతా టెస్టులో లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా అవుట్ కాకుండా ఆడారు. బడి ఎగ్గొట్టి చూశాను. పనికి పోని ముసలోళ్లందరూ మా వాకిట్లోనే. మధ్యాహ్నం కునుకు తీసి లేచిన మా నాయనమ్మ "ఆ లచ్చుమన్న ఇంకా అవుట్ కాలేదంట్రా?" అని అడిగింది. ఆరోజు ఎవరూ కిటికీ దగ్గర నిలబడలేదు. ఆ మ్యాచ్ చూడ్డానికి టీవీ, కరెంటు, గడ ఉంటే చాలు. దూరదర్శన్ నెలనెలా ఎవరి దగ్గరా డబ్బులు అడగలేదు.

దూరదర్శన్‌ని నేనేమీ నెత్తిన పెట్టుకోవడం లేదు. దాని వార్తల్లో మా పల్లె ఎప్పుడు కనిపించిందో చెప్పమంటే నాకు గుర్తు రాదు. కానీ ఆట చూపించేటప్పుడు మాత్రం అది ఊరికీ పల్లెకీ ఒకే బొమ్మ చూపించింది.

ఇప్పుడు కొంచెం చరిత్ర. విద్యార్థులు ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే మన హక్కు ఎక్కడ చేజారిందో ఇందులోనే ఉంది.

1993లో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ నిర్వహించింది. ప్రసార హక్కుల్ని విదేశీ కంపెనీకి ఇచ్చింది. దూరదర్శన్ అడ్డం తిరిగింది. గొడవ సుప్రీంకోర్టుకి పోయింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. తీర్పు సారం: ప్రసారాలు నడిచే తరంగాలు ప్రజల ఆస్తి. ప్రభుత్వం గుత్తకి పెట్టుకోకూడదు, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి. ప్రభుత్వ గుత్త పోయింది, మంచిదే. ఆ ఖాళీలోకి డబ్బున్న కంపెనీలు వచ్చాయి. తీర్పులో "ప్రజల ఆస్తి" అన్న ముక్క మాత్రం కాగితం మీదే ఉండిపోయింది.

2007లో ఒక చట్టం చేశారు. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని ప్రభుత్వం ప్రకటించిన మ్యాచ్‌లని, హక్కులు ఎవరు కొన్నా సరే, ప్రసారభారతితో పంచుకోవాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో డెబ్భై ఐదు వంతులు హక్కుదారుకి, ఇరవై ఐదు ప్రసారభారతికి. మన పురుషుల జట్టు ఆడే వన్డేలూ టీ20లూ ఆ జాబితాలోకి వచ్చాయి. ఐపీఎల్ రాలేదు.

అయినా అప్పట్లో కేబుల్ ఉన్న ఇంట్లోనూ ఇండియా మ్యాచ్ దూరదర్శన్‌లో వచ్చేది. కేబుల్ వాళ్లు దూరదర్శన్ చానళ్లని తప్పనిసరిగా ఇవ్వాలి కాబట్టి. దీనికి హక్కులు కొన్న కంపెనీలు కోర్టుకి పోయాయి. అదే మ్యాచ్ కేబుల్లో ఊరికే వస్తుంటే మా చానల్‌కి డబ్బులెవరు కడతారు అన్నది వాళ్ల వాదన. 2015లో ఢిల్లీ హైకోర్టు, 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ల మాటే ఒప్పుకున్నాయి. పంచుకున్న ఆ ప్రసారం దూరదర్శన్ సొంత టవర్ల మీదా, సొంత డిష్ మీదా మాత్రమే రావాలి, కేబుల్ మీద రాకూడదు. ఇండియా ఆడుతున్నా మా హాస్టల్ టీవీలో బొమ్మ ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైందా? తర్వాత దూరదర్శన్ పాత టవర్లు దాదాపు అన్నీ మూసేసింది. మా నాయన గడకి కట్టిన యాంటెన్నాకి ఇవాళ అందేది ఏమీ లేదు. మిగిలింది ఫ్రీ డిష్ ఒక్కటే.

ఇక ఐపీఎల్. 2022 జూన్‌లో అయిదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్మారు. ఒక్కో మ్యాచ్ విలువ వంద కోట్లు దాటింది. టీవీ హక్కులు ఒకరికి, ఫోను హక్కులు ఇంకొకరికి పోయాయి. ఇద్దరూ పోటీ పడుతున్నన్నాళ్లూ, 2023లో, 2024లో, ఫోనులో ఐపీఎల్ ఉచితం. మన పిల్లలందరికీ అలవాటయింది. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీల మీడియా వ్యాపారాలు కలిసిపోయాయి. పోటీ పోయింది. 2025 సీజన్‌కి కాసేపు చూపించి తలుపు వేయడం మొదలైంది. పూర్తిగా చూడాలంటే ప్లాను కొనాలి, లేదా ఫలానా కంపెనీ సిమ్ముకి ఫలానా మొత్తం రీచార్జి చేయించాలి. చవక ప్లాను కట్టినవాడికి యాడ్లు కూడా తప్పవు. మన కళ్లని యాడ్ల వాళ్లకి ఒకసారి అమ్ముతారు, ఆ కళ్ల కోసం మన దగ్గరే ఇంకోసారి వసూలు చేస్తారు.

ఇక్కడ నా మిత్రులే ఇద్దరు అడ్డం వస్తారని తెలుసు.

మొదటాయన అంటాడు: "మూడు నెలలకి నూట యాభై కూడా లేదు. నెలకి నాలుగు టీల డబ్బులు. దీనికింత రాద్ధాంతమా? కెమెరాలకీ ఆటగాళ్లకీ డబ్బులెవరిస్తారు?" అన్నా, నీకూ నాకూ అది టీల డబ్బే. నెలాఖరుకి ఇంటికి ఫోను చేయడానికి రీచార్జి లేక పక్కవాడి ఫోను అడిగే పిల్లాడికి పదిహేను రూపాయలు కూడా లెక్కే. పైగా కట్టేది ఒక్కచోట కాదు. కేబుల్‌కి కట్టాలి, అందులో స్పోర్ట్స్ చానల్‌కి వేరే కట్టాలి, ఫోను డేటాకి కట్టాలి, యాప్‌కి కట్టాలి. విదేశీ పర్యటన ఇంకో యాప్‌లో ఉంటే దానికీ కట్టాలి. ఇవన్నీ కట్టలేనివాడు టెలిగ్రామ్‌లో దొంగ లింకు వెతుక్కుంటాడు. ఆ లింకు తెరిస్తే ముందు కనబడేది బెట్టింగు ప్రకటన. ఆట అందని పిల్లాడికి జూదం ఉచితంగా అందుతోంది. ఇక ఖర్చుల మాట. ఖర్చులు రావాలంటే యాడ్లు వేసుకోండి, కాదన్నదెవరు? 2007 చట్టంలో ఆదాయం పంచుకునే లెక్క ఉండనే ఉంది కదా.

రెండో ఆయన ఉద్యమ మిత్రుడు. "హత్యలు జరుగుతుంటే, భూములు పోతుంటే, నీకు క్రికెట్ గొడవేంటి?" అంటాడు. ఆయనకి ఒక పేరు గుర్తు చేస్తాను: పల్వంకర్ బాలూ. చమార్ కులంలో పుట్టినవాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ బాగుచేస్తూ, నెట్స్‌లో దొరలకి బంతులు వేస్తూ స్పిన్ నేర్చాడు. హిందూ జట్టుకి ఆడేటప్పుడు వికెట్లు ఆయనవి కావాలి, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో. 1911 ఇంగ్లండ్ పర్యటనలో నూటపద్నాలుగు వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు కెప్టెన్ కాలేకపోయాడు. 1923లో ఆయన తమ్ముడు విఠల్ అయ్యాడు. తర్వాత రాజకీయాల్లో బాలూ బాబాసాహెబ్‌కి ఎదురు నిలబడ్డాడు, ఓడాడు, ఆ విభేదం వేరే కథ. కానీ అంటరానివాడి చేతిలో బంతి ఏం చేయగలదో ఈ దేశం మొదట చూసింది ఆయన దగ్గరే. ఆ బంతి మనదీ. మనం చూడని ఆటని మన పిల్లలు ఆడరు. ఇంగ్లండ్‌లో 2005 యాషెస్ తర్వాత క్రికెట్ డబ్బు కట్టే చానల్‌లోకి పోయింది. ఆట ప్రైవేటు బడుల పిల్లలకే మిగిలిపోతోందన్న బెంగ అక్కడ ఇప్పటికీ ఉంది. 2019లో వాళ్లే ఫైనల్‌కి చేరాక, ఆ ఒక్క మ్యాచ్‌నీ దేశమంతా చూడాలని ఉచిత చానల్‌లో కూడా వేశారు. అంటే తలుపు తీయడం సాధ్యమే. తీయాలనిపించాలి.

మహద్ చెరువు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 1927కి ముందే ఇలాంటి ప్రజా చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి తీర్మానించింది, మహద్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చెరువు మనదే. గట్టు మీద మాత్రం మనం లేము. బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లి దోసిట్లోకి నీళ్లు తీసుకునేదాకా ఆ కాగితానికి విలువ లేదు. నీళ్లూ క్రికెట్టూ ఒకటి కాదు, నాకు తెలుసు. దాహంతో మనిషి చస్తాడు, మ్యాచ్ చూడకపోతే చావడు. పోలిక ఒక్కచోటే. "ప్రజల ఆస్తి" అని రాసుకున్న చోట కాపలా ఎవరిదో చూడకపోతే, రాసిన రాత మనల్ని లోపలికి రానివ్వదు.

అందుకని అడగాల్సినవి సూటిగా రాస్తున్నాను. ఒకటి, 2007 చట్టాన్ని ఫోనుకి కూడా వర్తింపజేయాలి. ప్రసారభారతి 2024 నవంబరులో వేవ్స్ అని సొంత యాప్ తెచ్చింది. చట్టం చేతిలో ఉంది, యాప్ చేతిలో ఉంది, రెంటినీ కలపమనాలి. రెండు, 2017 తీర్పుతో కేబుల్ ఇళ్లకి పోయిన హక్కుని పార్లమెంటు చట్టం సవరించి తిరిగివ్వాలి. మూడు, ఐపీఎల్ మొత్తం కాకపోయినా కనీసం ప్లేఆఫ్‌లూ ఫైనలూ ఆ జాబితాలో చేర్చాలి. నాలుగు, ఇది రేపే చేయగలిగింది: ప్రతి సంక్షేమ హాస్టల్‌కీ ఒక ఫ్రీ డిష్. ఒకసారి కొంటే నెలనెలా కట్టే పనిలేదు. విద్యార్థి సంఘాలు ఈసారి వార్డెన్‌కిచ్చే వినతిపత్రంలో అన్నం, దుప్పట్లు, బాత్‌రూమ్ తలుపుల కింద ఈ ఒక్క వాక్యం చేర్చండి. సిగ్గుపడొద్దు. బువ్వ అడిగే హక్కున్నవాడికి ఆట అడిగే హక్కు కూడా ఉంది.

మా హాస్టల్‌కి డిష్ ఈ ఆదివారం బిగిస్తున్నాం. కొందరు లెక్చరర్లం తలా కాస్త వేసుకున్నాం. దాంతో ఐపీఎల్ మొత్తం రాదు, జాబితాలో ఉన్న ఇండియా మ్యాచ్‌లు వస్తాయి. మేడ మీద పళ్లెం ఎటు తిప్పాలో చూడ్డానికి ఒక మనిషి కావాలంటే, వరండాలో కూర్చున్న ఆ పిల్లాడే ముందుకొచ్చాడు.

"క్రికెట్ ఇష్టం లేదన్నావుగా?" అన్నాను.

"ఇండియా మ్యాచ్ ఎప్పుడుంది సార్?" అన్నాడు.

వచ్చే వారం స్కాలర్‌షిప్పుల దగ్గర కలుద్దాం. జై భీమ్.